డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

బెజవాడ కృష్ణవేణిని నమ్ముకొని బ్రతుకు పట్టణము. 1855లో పూర్తియైన ఆనకట్ట దానికి పేరును, దిగువ పల్లెలకు అన్నమును పెట్టినది. అట్టి పట్టణమువారు నదీశాస్త్ర మెఱిగిన ఇంజనీరును పార్లమెంటునకు పంపుట వింత గాదు. అయినను మొదటి రెండెన్నికలును వేఱు త్రోవల నడచినవి. 1952లో కవియగు హరీంద్రనాథ చట్టోపాధ్యాయగారు కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రులుగా గెలిచిరి. 1957లో కాంగ్రెసు పక్షమున వైద్యురాలగు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు నెగ్గిరి. ఆమె చరిత్రపరిశోధకులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తనయ. ఆమె పిమ్మట ఆ స్థానమునకు వచ్చినవారును లక్ష్మణరావుగారే యగుట మాకు ముచ్చటగా నున్నది.

వీరు 1902లో కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిరి. తొమ్మిదవయేటనే పితృవియోగము కలిగెను. పాఠశాలలో ఆటలాడుచుండగా ఒక కంటిచూపు పోయెను. ఈ రెండు దెబ్బలలో నేదియు వారి చదువు నాపజాలదయ్యెను. మద్రాసున ఇంజనీరింగు విద్య ముగించి, కొంతకాలము రంగూనున బోధకులుగా నుండి, సీమకేగి 1939లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గొనిరి. పేద విద్యార్థుల కొఱకు ధనమిచ్చు మన పోషకులు ఈ భాగమును మఱియొకమాఱు చదువుదురుగాక.

స్వదేశమునకు వచ్చినపిదప మద్రాసు ప్రభుత్వమున గోదావరిపై తలపెట్టిన రామపాదసాగరపు పనిలోను, 1950 మొదలు ఢిల్లీలో కేంద్ర జలవిద్యుత్సంఘమునందును పనిచేసిరి. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. ఆ మహాసేతువును రాతికట్టుగా నిర్మించుటలో వీరి ఆలోచన ముఖ్యమైనది. యంత్రములు తక్కువై కూలిజనము సమృద్ధిగా నున్న దేశమునకు అదియే తగినదని మేమును తలంతుము. వేలకొలది కుటుంబములు దానివలన అన్నము తినినవి.

1962లో కాంగ్రెసు అభ్యర్థిగా బెజవాడనుండి లోకసభకు ఎన్నికైరి. 1967లోను, 1971లోను మరల వారే. 1963 మొదలు 1973 దాక కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రిత్వము వారిది. ఇచ్చటనే అసలు చిక్కు. కృష్ణానది చివరి పట్టణమున వోట్లు పొందినవారు, ఆ నది పైభాగమున నున్న మహారాష్ట్ర, మైసూరులకు గూడ న్యాయము చేయవలసిన పీఠమున గూర్చుండిరి. పైవారికి అనుమానము, క్రిందివారికి ఆశ. ఈ రెంటి నడుమ మంత్రిమాట ఎవరికి నచ్చును? తుదకు 1969లో కేంద్రప్రభుత్వము బచావత్తుగారి అధ్యక్షతన న్యాయస్థానమును నియమించెను. అది 1973లో తీర్పుచెప్పి 2060 టి.ఎం.సి.ల నీటిలో ఆంధ్రకు 800, మైసూరునకు 700, మహారాష్ట్రకు 560 పంచియిచ్చెను. పంపకము మంత్రి చేతిలోగాక న్యాయాధిపతుల చేతిలో జరుగుటయే బెజవాడవారికిని మేలయ్యెనని మా యభిప్రాయము; ఓట్ల ఋణముతో ముడివడిన లెక్కను ఎగువవా రెన్నడును నమ్మియుండరు.

1972లో వారు గంగను కావేరితో గలుపు నూహను దేశము ముందుంచిరి. అరువదివేల క్యూసెక్కుల నీటిని రెండువేల ఆఱువందల కిలోమీటర్లకు పైగా నడిపింపవలెననుట సామాన్యపు మాట గాదు. నీటిని ఎత్తిపోయుటకు వలయు విద్యుచ్ఛక్తియు, వ్యయమును అపారములని నిపుణులు దానిని త్రోసిపుచ్చిరి. వారి విమర్శలో బలము కలదు. కాని నదుల అనుసంధానమును గూర్చి నేటికిని జరుగు చర్చలన్నియు ఆ పథకమును తలంపక సాగవు.

1977లో బెజవాడ స్థానము గోడే మురాహరిగారికి వచ్చెను. లక్ష్మణరావుగారు తమ జీవితకథను ఆంగ్లమున వ్రాసి దానికి క్యూసెక్కుల అభ్యర్థి యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. తన్ను దాను పరిహసించుకొనగల రాజకీయవేత్తలు మనలో అరుదు. 1986లో వారు దివంగతులైరి.

బెజవాడకు ఎగువను పులిచింతల యొద్ద కృష్ణకు అడ్డుకట్ట వేసినచో డెల్టా నారుమళ్లకు వేళకు నీరందునని రైతులు చిరకాలము కోరుచుండిరి. అది వారి మంత్రిత్వమున సిద్ధింపలేదు. 2013లో ఆ జలాశయము జాతికి అంకితమయ్యెను. సుమారు 45 టి.ఎం.సి.ల నీటిని నిలుపు ఆ సాగరమునకు వారి పేరే పెట్టిరి.