పాల్ ఎర్లిక్: గురి వెదకిన మందు

1854లో ప్రష్యా రాజ్యంలోని స్ట్రేలెన్ పట్టణంలో, ఒక యూదు కుటుంబంలో జన్మించిన పాల్ ఎర్లిక్‌కు విద్యార్థి దశలోనే రంగులపై వ్యామోహం కలిగింది. మెథిలిన్ బ్లూ అనే రంగును జంతువు దేహంలోకి ఎక్కించగా అది సజీవమైన నరాలను ఎంచుకొని అంటుకొనడం ఆయన గమనించారు. రంగు తన చోటును తానే వెదకుకొనగా మందు మాత్రం వెదకుకొనలేదా? ఆయన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1908లో నోబెల్ బహుమతి, 1910లో సిఫిలిస్ వ్యాధికి సాల్వర్సాన్ అనే మందు ఆయనకు కీర్తి తెచ్చినవి. అంతకన్న విలువైనది 1907 నాటి నిరాశ అని నా అభిప్రాయం. ఎలుకలలోని ట్రిపనోసోమా అనే పరాన్నజీవులపై ఒకే మందును పలుమారులు ప్రయోగించగా అవి దానికి లొంగడం మానివేసినవి. వాటి సంతతికీ ఆ మొండితనం సంక్రమించింది. ఆ సంగతిని ఆయన దాచక ప్రకటించారు.

ఎర్లిక్ ఎలుకల కణితులపైనా శ్రమించారు; ఫలితం స్వల్పం. 1915లో ఆయన మరణించారు.

నేడు తెలిసినదేమనగా, మొండికెత్తిన కొన్ని క్యాన్సర్ కణాలు తమ పొరలోని పంపుల వంటి ప్రోటీన్లతో మందును బయటకు తోడివేస్తాయి. మందును నానో కణంలో పొదిగి పంపితే క్యాన్సర్ కణం దానిని పొట్లంతో సహా మింగుతుంది. పంపును కొంత తప్పించుకొనవచ్చును. 1995లో అమెరికాలో అనుమతి పొందిన, కొవ్వు పొరలో పొదిగిన డాక్సోరూబిసిన్ గుండెకు హానిని తగ్గించింది గాని మొండి క్యాన్సర్‌ను జయించలేదు. కణితిని చేరడమే కష్టం. జంతు ప్రయోగాలను సమీక్షించిన 2016 నాటి పరిశీలనలో, ఎక్కించిన నానో కణాలలో కణితికి చేరినవాటి మధ్యగత విలువ 0.7 శాతం.