ఎల్లారెడ్డి ఏ జిల్లా?

డీబీఎంఎస్ పరీక్షకి ఎడ్గర్ కాడ్ పన్నెండు రూల్స్ అందరం బట్టీ పడతాం. (సున్నా నుంచి మొదలవుతాయి, లెక్కపెడితే 13 ఉంటాయి!) ఆ మనిషి గురించి మాత్రం సిలబస్‌లో ఒక్క లైన్ లేదు. అందుకే రాస్తున్నా.

కాడ్ 1923లో ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ దీవిలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, యుద్ధంలో విమానాలు నడిపారు, 1948లో అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరారు. సెనేటర్ మెకార్థీ రాజకీయం మీద కోపంతో 1953లో కెనడా వెళ్లిపోయారు. తర్వాత తిరిగొచ్చి, నలభై దాటాక పీహెచ్‌డీ చేశారు.

అప్పటి ఐబీఎం వారి ఐఎంఎస్‌లో డేటా చెట్టులా ఉండేది. మనం పీహెచ్‌పీలో రాసే నెస్టెడ్ అసోసియేటివ్ అర్రే లాగే అనుకోండి. జిల్లా లోపల మండలం, దాని లోపల ఊరు. మా ఎల్లారెడ్డి కావాలంటే ముందు నిజామాబాద్ అనే కీ తెరవాలి. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి కొత్త జిల్లా అయ్యింది, ఎల్లారెడ్డి అందులోకి వచ్చింది. ఊరు అంగుళం కూడా కదల్లేదు. కానీ పాత దారి రాసిపెట్టుకున్న ఏ లూప్‌కీ అది ఇక దొరకదు.

1970లో వచ్చిన కాడ్ పేపర్ పట్టుకున్నది సరిగ్గా ఈ సమస్యనే. చెట్టు వద్దు, టేబుల్స్ చాలన్నారు. మండలాల టేబుల్‌లో ఎల్లారెడ్డి వరుసలో జిల్లా గడి ఒక్కటి మారిస్తే పనైపోతుంది. నీకేం కావాలో అడుగు, దారి మెషీన్ చూసుకుంటుంది.

ఐబీఎంకి ఇది రుచించలేదు. ఐఎంఎస్ మీద బాగా డబ్బులొస్తున్నాయి మరి. కాడ్ ఊరుకోలేదు, కంపెనీ కస్టమర్లకే నేరుగా చూపించారు. వాళ్లు ఒత్తిడి పెట్టాకే సిస్టమ్ ఆర్ ప్రాజెక్ట్ కదిలింది. తన యజమాని ఆదాయానికి ఎదురు నిలబడటం నాకు ఆ పేపర్ కన్నా పెద్ద విషయంగా అనిపిస్తుంది. చివరికి 1979లో ఒరాకిల్ ముందు మార్కెట్లోకి వచ్చేసింది. 1981లో కాడ్‌కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఇప్పటికీ ఫామ్స్ నుంచి, జేసన్ నుంచి డేటా చెట్టులాగే వస్తోంది. ఫోర్‌ఈచ్‌లో ఫోర్‌ఈచ్ పెట్టి, ఒక్కో ఊరికి ఒక్కో ఇన్సర్ట్ క్వెరీ కట్టి ఆ చెట్టుని కాడ్ టేబుల్‌లోకి దించుతాం. (ఊరి పేరు క్వెరీలో అతికించకండి. అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి, విలువ విడిగా పంపండి. లేదంటే ఎవడో పేరు బదులు క్వెరీ ముక్క పంపి టేబుల్ లేపేస్తాడు.)

ఇంతా చేసి, ఎస్‌క్యూఎల్ కాడ్ రాసింది కాదు. ఐబీఎంలోనే చాంబర్లిన్, బాయ్స్ తయారుచేశారు. అందులో ఒకే వరుస రెండుసార్లు రావచ్చు. అది తప్పని కాడ్ 1990లో పుస్తకం రాసినప్పుడు కూడా వాదించారు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో పోయారు. మనం ఇంకా డిస్టింక్ట్ రాస్తూనే ఉన్నాం.