కర్ర నీడతో భూమిని కొలిచిన ఎరటోస్తనీస్

స్టడీ అవర్‌లో తమ్ముళ్లు మా దగ్గరకు ఎక్కువగా తెచ్చేవి భిన్నాల లెక్కలే. అందులోనూ దూరాల లెక్కంటే చాలామందికి భయం. అటువంటి ఒక్క లెక్కతోనే భూమి చుట్టుకొలత చెప్పిన మేధావి ఎరటోస్తనీస్.

ఆయన క్రీ.పూ. 276 ప్రాంతంలో నేటి లిబియాలో ఉన్న సైరీన్ నగరంలో జన్మించారు. ఏథెన్స్‌లో చదువుకున్నారు. తరువాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి అయ్యారు. ఎన్నో విద్యలు వచ్చినా దేనిలోనూ మొదటివాడు కాదని గిట్టనివారు ఆయనకు 'బీటా', అంటే రెండవవాడు అని పేరు పెట్టారట. (మన హాస్టల్లోనూ ఇలా పేర్లు పెట్టేవారికి కొదవ లేదు!)

అలెగ్జాండ్రియాకు దక్షిణాన సైనీ అనే ఊరుంది. అదే నేటి అస్వాన్. జూన్‌లో పగలు అతి పొడవుగా ఉండే రోజున అక్కడ మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. అదే సమయంలో అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో 1/50 వంతు, అంటే 7.2 డిగ్రీలు. సూర్యకిరణాలు సమాంతరమనుకుంటే, ఏకాంతర కోణాల ప్రకారం రెండు ఊళ్ల మధ్య దూరం కూడా భూమి చుట్టుకొలతలో 1/50 వంతే కావాలి. ఆ దూరం 5,000 స్టేడియాలు. కనుక మొత్తం 2,50,000 స్టేడియాలు. ఆయన భూమి చుట్టూ తిరగలేదు, ఒక భాగం తెలుసుకుని మొత్తం చెప్పారు.

ఇక మన లెక్క చూడండి. ఒకడు ప్రయాణంలో 2/5 వంతు రైలులో, మిగిలిన దానిలో 2/3 వంతు బస్సులో వెళ్లి, చివరి 8 కి.మీ. నడిచాడు. మొత్తం దూరమెంత? 'మిగిలిన దానిలో' అన్న మాట దగ్గరే మార్కులు పోతాయి. రైలు దిగాక మిగిలింది 3/5. అందులో నడిచింది 1/3, అంటే మొత్తంలో 1/5. ఆ 1/5 వంతు 8 కి.మీ. అయితే మొత్తం 40 కి.మీ. ఐదుతో గుణించినా యాభైతో గుణించినా పద్ధతి ఒక్కటే.

స్టేడియం పొడవు ఎంతో పండితులు నేటికీ తేల్చలేదు. సైనీ కూడా సరిగ్గా దక్షిణాన లేదు, కొంచెం తూర్పుకు ఉంది. అయినా ఆ కాలానికి అది గొప్ప లెక్కే. తరువాత ఆ సంఖ్య 2,52,000 అయింది. 60తో శేషం లేకుండా భాగించడానికే అలా మార్చారని కొందరంటారు.

ముసలితనంలో ఆయనకు చూపు పోయిందట. క్రీ.పూ. 194 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలోనే మరణించారు. ఆయన రాసిన పుస్తకం మిగలలేదు. ఈ లెక్కను తరువాతివాడైన క్లియోమెడిస్ రాసిపెట్టబట్టి మన దాకా వచ్చింది.