బందరు వకీలు, బందరు పత్రిక



మీ పిల్లలు ఇంటర్ తర్వాత లా చదువుతామంటున్నారా? అయితే కొండా వెంకటప్పయ్య గారి గురించి ఇంట్లో చెప్పండి. 1866లో గుంటూరులో పుట్టారు. మద్రాసులో చదివి, బి.ఎల్. పాసై, మన బందరులో ప్రాక్టీసు పెట్టారు. కోర్టు పనితోనే ఆగిపోలేదు. ఊరికి వార్తలూ తెలియాలని 1902లో దాసు నారాయణరావు గారితో కలిసి ఇక్కడే కృష్ణా పత్రిక ప్రారంభించారు. తర్వాత గుంటూరు వెళ్లి, దేశం కోసం ప్రాక్టీసే వదిలేశారు, జైలుకూ వెళ్లారు. జనం ‘దేశభక్త’ అని పిలుచుకున్నారు. 1949లో కన్నుమూశారు.

ఇప్పటి క్లాట్ పరీక్ష బట్టీకి లొంగదు. పేరా చదివి, అర్థం చేసుకుని జవాబు గుర్తించాలి. కోచింగ్ ఫీజు కట్టే ముందు ఇంటికి పేపరు వేయించండి. రోజూ ఒక వార్త మీద పిల్లలతో పది నిమిషాలు మాట్లాడండి.