మూగజీవుల పక్షమున రుక్మిణీదేవి

రుక్మిణీదేవి అరండేలు పేరు వినినంతనే మన విద్యార్థులకు భరతనాట్యమును, మదరాసులోని కళాక్షేత్రమును జ్ఞప్తికి వచ్చును. మేమిచ్చట వ్రాయదలచినది వేఱొక సంగతి. పాలమూరులో గాని నల్లగొండలో గాని ఒక దుకాణమున, ఇఱుకు పంజరములో, నీరు లేక సోలిపోయిన కుక్కపిల్లను అమ్మకమునకుంచినచో, ఇది తగదని అడుగుటకు మనకొక చట్టము కలదు. ఆ చట్టమునకు దారి తీసినది ఆ నర్తకియే.

ఆమె 1904 ఫిబ్రవరి 29వ తేదీన మధురలో జన్మించెను. తండ్రి నీలకంఠశాస్త్రి గారు ఇంజనీరు. 1920లో దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన జార్జి అరండేలు అను ఆంగ్లేయుని వివాహమాడగా మదరాసులో పెద్ద అలజడి కలిగెను. 1935లో సభాముఖమున నాట్యమాడి, మఱుసటి సంవత్సరము కళాక్షేత్రమును స్థాపించెను. ఈ కథ అందఱెఱిగినదే గనుక పెంచుట లేదు.

1952లో ఆమె రాజ్యసభకు నియమింపబడెను. కళాకారిణి కళలను గూర్చియే ముచ్చటించునని తలచుట సహజము. ఆమె మాత్రము జంతుహింసను అరికట్టుటకు సొంతముగా ఒక బిల్లును తెచ్చెను. అప్పటికున్నది 1890 నాటి పాత శాసనము. 1954లో చర్చ జరిగినప్పుడు ప్రధానమంత్రి నెహ్రూ గారు ఆమె ఆశయమును మెచ్చి, ప్రభుత్వమే ఆ పని చేపట్టునని చెప్పి, బిల్లును ఉపసంహరించుకొనుమని కోరిరి. ఆమె సమ్మతించెను. తన బిల్లే నెగ్గవలెనని పట్టుపట్టక, మాటను నమ్మి ఆఱేండ్లు వేచియుండుట సామాన్యమా? రంగస్థలముపై గడించిన కీర్తికంటె ఈ ఓర్పే మాకు గొప్పగా తోచుచున్నది.

చట్టము 1960లో వచ్చెను. కొట్టిననే నేరమనుకొనువారు దాని 11వ విభాగమును చదువవలెను. ఆకలి, దప్పిక, క్రిక్కిఱిసిన పంజరము వీనివలన బాధపడు జంతువును అమ్మజూపుటయే నేరము. జబ్బుచేతనో పుండుచేతనో పనికి తగని పశువును పనికి కట్టుటయు నేరమే. అమ్రాబాదు పొడతూర్పు ఎడ్లతో దున్నుకొను మన రైతుబిడ్డలకు మెడమీది కాడిపుండు ఎట్టిదో చెప్పనక్కఱలేదు. అట్టి జీవిని చికిత్సాలయమునకు పంపుటకు న్యాయాధికారికి అధికారము కలదు. 2018లో వచ్చిన నియమములు పెంపుడు జంతువుల దుకాణములకు నమోదును తప్పనిసరి చేసినవి. కనుక జబ్బు జీవిని చూచిన బాలుడు మొదట దుకాణదారునికే మర్యాదగా చెప్పవచ్చును. పశువైద్యునికి చూపింపుమని కోరవచ్చును. వినకున్నచో పెద్దలను తోడు తీసికొని ఠాణాకు పోవచ్చును. జాలిపడి ఆ జీవిని కొనుటవలన మాత్రము, ఆ పంజరములోనికి మఱియొకటి వచ్చును.

1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి రుక్మిణీదేవియే మొదటి అధ్యక్షురాలు. 1986 ఫిబ్రవరి 24న ఆమె మరణించెను. మొదటి నేరమునకు జరిమానా 50 రూపాయల వఱకని చట్టములో వ్రాసిరి. అఱువది యేండ్లు గడచినను ఆ అంకె అట్లే యుండెను. ఆమె ఆరంభించిన పనిలో ఇది మిగిలిపోయినది.