బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ (1707 - జూలై 29, 1751) ఇంగ్లాండుకు చెందిన గణిత శాస్త్రవేత్త, సైనిక ఇంజనీరు. తుపాకిలో ఎంత మందు, ఎంత బరువు గుండు, ఎంత పొడవు గొట్టం ఉంటే గుండు ఎంత వేగంతో వెలువడుతుందో లెక్కగట్టి, ఆ లెక్కను ప్రయోగంతో సరిచూసినవాడుగా ఇతడు సుప్రసిద్ధుడు.

తొలి జీవితం

ఇతడు బాత్ పట్టణంలో ఒక పేద క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. క్వేకర్లు యుద్ధాన్ని నిషిద్ధంగా భావించే క్రైస్తవ శాఖవారు. అటువంటి ఇంట పుట్టినవాడు ఫిరంగుల శాస్త్రానికి మూలపురుషుడు కావడం విచిత్రమే. లండను చేరి గణితం బోధిస్తూ జీవించాడు. 1727లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

మందు, గుండు, గొట్టం

ఇతని "న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ" అనే గ్రంథం 1742లో వెలువడింది. మందు మండగా పుట్టే వాయువే గుండును నెడుతుందని అందులో వివరించాడు. ఆ వాయువు చల్లారిన తరువాత కూడా మందు ఘనపరిమాణానికి సుమారు 244 రెట్లు ఉంటుందని కొలిచాడు. మండే వేడిలో దాని పీడనం వాతావరణ పీడనానికి సుమారు 1,000 రెట్లని అంచనా వేశాడు. ఇది తక్కువ అంచనా అని తరువాతి ప్రయోగాలలో తేలింది. గుండు ముందుకు కదిలే కొద్దీ వాయువు వ్యాకోచించి ఒత్తిడి తగ్గుతుంది. కనుక మందు రెట్టింపు చేసినంత మాత్రాన వేగం రెట్టింపు కాదు. పొట్టి గొట్టంలో ఎక్కువ మందు దట్టిస్తే వాయువు శక్తిలో చాలా భాగం గుండుకు అందకుండానే బయటికి పోతుంది.

ఈ లెక్కను సరిచూడటానికి ఇతడు ఒక బరువైన లోలకాన్ని ఉపయోగించాడు. దానికి బిగించిన చెక్కలో గుండు దిగబడగానే లోలకం ఊగుతుంది. ఆ ఊపును, గుండు బరువును, లోలకం బరువును బట్టి గుండు వేగం తెలుస్తుంది. మస్కెట్ గుండు వేగం సెకనుకు సుమారు 1,700 అడుగులని తేలింది. గాలి అడ్డు లేకపోతే ఈ వేగంతో గుండు 17 మైళ్ళు పోవాలి. నిజానికి అర మైలు పోవడమే గగనం. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోని నాటి ఫిరంగి శాస్త్రం ఎంత పొరబడిందో దీనితో బయటపడింది.

ఈ గ్రంథాన్ని ఆయిలర్ 1745లో విస్తృత వ్యాఖ్యతో జర్మన్ భాషలోకి అనువదించాడు. 1746లో రాబిన్స్‌కు కోప్లే పతకం లభించింది. గుండు దారి తప్పడానికి అది గాలిలో గిరగిర తిరగడమే కారణమని ఇతడు చూపాడు. గొట్టం లోపల మెలికలుగా గాడులు చెక్కిన తుపాకులు గుండును సరిగా నడిపిస్తాయని 1747లో వివరించాడు. ఫిరంగి బరువు పెంచకుండా నోరు వెడల్పు చేసి, తక్కువ మందుతో పెద్ద గుండును పేల్చడం మేలని నౌకాదళానికి సూచించినది కూడా ఆ సంవత్సరమే.

భారతదేశంలో

1746లో ఫ్రెంచివారు పట్టుకున్న మద్రాసు 1749లో తిరిగి ఆంగ్లేయుల వశమైంది. కోటలను పటిష్ఠం చేయటానికి ఈస్టిండియా కంపెనీ రాబిన్స్‌ను ఇంజనీర్ జనరల్‌గా నియమించింది. ఇతడు 1750లో కడలూరు సమీపంలోని సెయింట్ డేవిడ్ కోటకు చేరుకొని, కోటల నమూనాలు తయారుచేశాడు. వాటి నిర్మాణం చూడకుండానే, జ్వరపీడితుడై 1751 జూలై 29న అక్కడే మరణించాడు. ఇతని రచనలను మిత్రుడు జేమ్స్ విల్సన్ 1761లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు.