కరగని లక్క

మనం ప్రతిదినం ఎన్నో వస్తువులను వాడుతూ ఉంటాం. వంటపాత్ర లోహంతో చేసినది. దాని పిడి మాత్రం లోహం కాదు. కిటికీ చట్రం కొయ్యది. అందులోని అద్దం గాజుది. విద్యుత్తు తీగ లోపల రాగి ఉంటుంది. దానిపైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పదార్థాన్ని ఎందుకు ఎన్నుకొన్నారో ఎప్పుడైనా ఆలోచించారా? ప్రతి పదార్థానికీ కొన్ని ధర్మాలు ఉంటాయి. ఒకటి వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది, మరొకటి అడ్డుకొంటుంది. ఒకటి వంగుతుంది, మరొకటి పగులుతుంది. వస్తువును తయారుచేసేవాడు ముందుగా ఈ ధర్మాలను తెలుసుకోవాలి. తనకు కావలసిన ధర్మాలన్నీ ప్రకృతిలో ఒకే పదార్థంలో దొరకకపోతే, అవి ఉన్న పదార్థాన్ని తానే సృష్టించవచ్చునని నిరూపించిన శాస్త్రవేత్త లియో హెండ్రిక్ బేక్‌లాండ్.

బేక్‌లాండ్ 1863వ సంవత్సరం నవంబరు 14వ తేదీన బెల్జియం దేశంలోని ఘెంట్ నగరంలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టి జీవించేవాడు. తల్లి పెళ్ళికి ముందు ఇళ్ళలో పనిచేసేది. కొడుకు తన వృత్తినే నేర్చుకొని తనకు చేదోడుగా ఉండాలని తండ్రి కోరిక. తల్లి మాత్రం బిడ్డ చదువుకోవాలని పట్టుబట్టింది. చివరకు ఆమె మాటే నెగ్గింది. బాలుడు పగలు బడికి వెళ్ళేవాడు. సాయంకాలం నగరంలోని సాంకేతిక పాఠశాలలో రసాయన, భౌతిక శాస్త్రాలు నేర్చుకొనేవాడు.

ఆ వయసులోనే అతనికి ఫోటోగ్రఫీపై మక్కువ కలిగింది. ఫోటోలు తీయడానికి వెండితో తయారయ్యే సిల్వర్ నైట్రేట్ అవసరం. దానిని కొనే స్తోమత అతనికి లేదు. తండ్రి ఇచ్చిన గడియారానికి వెండి గొలుసు ఉండేది. దానిని ఆమ్లంలో కరిగించి తనకు కావలసిన పదార్థాన్ని తయారుచేసుకొన్నాడని చెబుతారు. ఆ గొలుసు స్వచ్ఛమైన వెండి కాదు. అందులో రాగి కలిసి ఉంది. వెండి నుండి రాగిని వేరుచేయడమే అతని తొలి రసాయన పరీక్షలలో ఒకటి. ఒక పదార్థం పైకి ఒకటిగా కనిపించినా లోపల అనేకం ఉండవచ్చునని అతడు ఆనాడే తెలుసుకొన్నాడు.

నగర పాలక సంస్థ ఇచ్చిన ఉపకారవేతనంతో అతడు ఘెంట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1884లో, 21 ఏళ్ళ వయసుకే డాక్టరేట్ పట్టం పొందాడు. అక్కడే అధ్యాపకుడయ్యాడు. 1889లో తన గురువు థియోడోర్ స్వార్ట్స్ కుమార్తె సెలీన్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం ప్రయాణ వేతనం పొంది అమెరికాకు వెళ్ళి, అక్కడే స్థిరపడ్డాడు.

క్రొత్త దేశంలో జీవితం సుఖంగా సాగలేదు. కొంతకాలం ఒక ఫోటోగ్రఫీ సంస్థలో ఉద్యోగం చేశాడు. తరువాత స్వతంత్రంగా పరిశోధనలు మొదలుపెట్టాడు. ఒకేసారి పలు ప్రయత్నాలు చేయడంవల్ల ఏదీ పూర్తికాలేదు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పులు పెరిగాయి. పైగా తీవ్రమైన జబ్బు చేసి మంచం పట్టాడు. ఆ రోజులలోనే ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. పది పనులు సగం సగం చేయడం కంటె, ప్రజలకు పనికివచ్చే ఒక్క పనిని చివరి దాకా చేయడం మేలని తలచాడు. కోలుకొన్న తరువాత ఫోటో కాగితంపైననే దృష్టి నిలిపాడు. ఆనాటి కాగితంపై ఫోటో ముద్రించాలంటే సూర్యరశ్మి కావాలి. మబ్బు పట్టిన రోజున పని ఆగిపోయేది. బేక్‌లాండ్ దీపపు వెలుతురులో కూడా ముద్రించగల కాగితాన్ని తయారుచేశాడు. దానికి వెలాక్స్ అని పేరు పెట్టాడు. 1899లో ఆ సంస్థను ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ కొనివేసింది. అందుకు సుమారు 7,50,000 డాలర్లు ముట్టాయని చెబుతారు. చెప్పులు కుట్టేవాని కొడుకు 36 ఏళ్ళకే ధనవంతుడయ్యాడు. అయినా ఆయన విశ్రాంతి కోరలేదు. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న యాంకర్స్ పట్టణంలో ఇల్లు కొని, ఆవరణలోనే ప్రయోగశాల ఏర్పాటు చేసుకొన్నాడు.

అప్పుడు ఆయన దృష్టిని ఆకర్షించిన పదార్థం మన దేశానిది. అదే లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై నివసించే చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. ఛోటానాగ్‌పూర్ ప్రాంతపు అడవులలో గిరిజనులు దీనిని సేకరిస్తారు. ఏటికొప్పాక కళాకారులు తమ కొయ్యబొమ్మలకు రంగులు వేసేది ఈ లక్కతోనే. హైదరాబాదు లక్క గాజులు కూడా ప్రసిద్ధమైనవే. వేడి తగిలితే మెత్తబడి కోరిన ఆకారం పొందడం, చల్లారితే గట్టిపడడం లక్క ధర్మం. దానికి మరొక ధర్మం కూడా ఉంది. విద్యుత్తు దానిగుండా ప్రవహించదు. ఇటువంటి పదార్థాన్ని విద్యుద్బంధకం అంటారు. విద్యుత్ పరిశ్రమ పెరుగుతున్నకొద్దీ పాశ్చాత్య దేశాలలో లక్కకు గిరాకీ పెరిగింది. వేలాది పురుగులు నెలల తరబడి స్రవిస్తేగాని కొద్దిపాటి లక్క తయారుకాదు. అందువల్ల దాని ధర కూడా పెరిగింది.

ఆనాడు వస్తువులు తయారుచేసేవారి చేతిలో ఉన్న పదార్థాలను ఒకసారి వరుసగా చూద్దాం. మొదటివి లోహాలు. ఇవి బలమైనవి, వేడికి ఆగుతాయి. కాని విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. రెండవది కొయ్య. ఇది తేలికైనది, సులువుగా చెక్కవచ్చు; కాని తేమకు ఉబ్బుతుంది, నిప్పుకు కాలుతుంది. మూడవవి పింగాణి, గాజు. ఇవి కాలవు, విద్యుత్తును అడ్డుకొంటాయి. కాని దెబ్బ తగిలితే పగులుతాయి. పింగాణి కొలిమిలో కాలేటప్పుడు కుంచించుకుపోతుంది గనుక కొలత తప్పకుండా చిన్న భాగాలు చేయడం కష్టం. నాలుగవవి చెట్ల నుండి, జంతువుల నుండి లభించే రబ్బరు, కొమ్ము, లక్క వంటివి. ఇవి చక్కగా ఆకారం పొందుతాయి; కాని వేడికి ఆగవు. లక్కయింటి కథ మీరు వినే ఉంటారు. లక్క ఎంత త్వరగా అంటుకొంటుందో ఆ కథే చెబుతుంది. ఇక మనిషి దూదినుండి తయారుచేసిన సెల్యులాయిడ్ అప్పటికే వాడుకలో ఉన్నా, అది కూడా భగ్గున మండేది.

లక్కలాగా అచ్చులో ఒదగాలి. పింగాణిలాగా వేడికి, విద్యుత్తుకు తట్టుకోవాలి. ఈ రెండు ధర్మాలూ ఉన్న పదార్థం ఎక్కడా లేదు. బేక్‌లాండ్ మొదట కోరినది లక్కకు బదులు వాడదగిన చవకైన పదార్థం మాత్రమే. ఆ వెదుకులాటలో ఆయన ఒక పాత రహస్యం దగ్గరకు చేరాడు.

తారు నుండి లభించే ఫినాల్‌ను, ఫార్మాల్డిహైడ్‌ను కలిపితే ఒక జిగురు పదార్థం ఏర్పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1872లోనే గుర్తించాడు. ఆ జిగురు గట్టిపడి పాత్రకు అంటుకుపోయేది. ఏ ద్రవంలోనూ కరిగేది కాదు. రసాయన శాస్త్రజ్ఞులు దానిని విసుగు పుట్టించే మడ్డిగా భావించి విడిచిపెట్టారు. తరువాత కొందరు దానిని ఉపయోగంలోకి తేవాలని ప్రయత్నించారు. కాని వేడి చేసినప్పుడు లోపల ఆవిరి పుట్టి, పదార్థమంతా నురగలా పొంగి, చిల్లులు పడేది. పొంగకుండా ఉండాలని వారు వేడిని తగ్గించేవారు. వేడి తగ్గితే అది గట్టిపడడానికి చాలాకాలం పట్టేది.

బేక్‌లాండ్ కూడా తన సహాయకుడు నథానియేల్ థర్లోతో కలిసి మొదట కరిగే జిగురునే తయారుచేశాడు. అది లక్కకు సాటి రాలేదు. ఆ తరువాత మెత్తని కొయ్యకు ఈ ద్రవాలను పట్టించి, కొయ్యనే గట్టిపరచాలని చూశాడు. ఆ ప్రయత్నం కూడా ఆశించినట్లు ఫలించలేదు. అయితే కొయ్యనుండి బయటికి కారి గట్టిపడిన జిగురు ఆయన కంటబడింది. అది కొయ్యకంటె ఎంతో గట్టిగా ఉంది. మరొకరైతే దానిని గీకి పారవేసేవారు. ఆయన కొయ్యను వదలి జిగురును పట్టుకొన్నాడు. 1907 వేసవిలో దానిపైననే వరుసగా ప్రయోగాలు చేశాడు.

అందరూ వేడిని తగ్గించగా, ఆయన వేడిని పెంచాడు. పొంగకుండా ఉండడానికి పైనుండి ఒత్తిడి కలిగించాడు. గట్టిగా మూతపెట్టిన ఇనుప పాత్రలో సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ పదార్థాన్ని ఉంచాడు. ఒత్తిడివల్ల ఆవిరి బుడగలు ఏర్పడలేదు. పాత్ర ఆకారాన్ని అచ్చంగా పొందిన గట్టి ముద్ద బయటికి వచ్చింది. దానిని మళ్ళీ వేడిచేస్తే మెత్తబడలేదు. సారాయిలో వేస్తే కరగలేదు. విద్యుత్తును ప్రసరింపనీయలేదు. దానికి ఆయన తన పేరు కలిసివచ్చేటట్లు బేకలైట్ అని పేరు పెట్టాడు. ప్రకృతిలోని ఏ పదార్థాన్నీ మూలంగా తీసుకోకుండా, చిన్న అణువులను కలిపి మనిషి పూర్తిగా తయారుచేసిన మొదటి ప్లాస్టిక్ ఇదే.

బేకలైట్ ఎందుకు కరగదు? బెల్లాన్ని కాచి పాకం చేస్తే అది చల్లారి గట్టిపడుతుంది. మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ కరుగుతుంది. కాని బంకమన్నుతో చేసిన కుండను ఆవంలో కాల్చిన తరువాత అది తిరిగి బంకమన్ను కాదు. ప్లాస్టిక్కులలో కూడా ఈ రెండు తెగలు ఉన్నాయి. మొదటి తెగలో అణువులు పొడుగాటి దారాలలాగా విడివిడిగా ఉంటాయి. వేడి తగలగానే ఒకదానిపై ఒకటి జారుతాయి. పాలిథీన్, పి.వి.సి. ఈ తెగకు చెందినవి. వీటిని థర్మోప్లాస్టిక్కులు అంటారు. రెండవ తెగలో అణువులు అన్ని దిక్కులా ముడులు పడి వలలాగా అల్లుకొంటాయి. ఒకసారి ముడి పడిన తరువాత జారడానికి వీలుండదు. వీటిని థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్కులు అంటారు. బేకలైట్ ఈ తెగకు చెందినది.

1909 ఫిబ్రవరిలో బేక్‌లాండ్ తన పరిశోధనను అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో ప్రకటించాడు. అదే సంవత్సరం డిసెంబరులో పేటెంటు లభించింది. ఇంగ్లండులో జేమ్స్ స్విన్‌బర్న్ అనే శాస్త్రవేత్త కూడా ఇదే మార్గంలో కృషి చేశాడు. అయితే బేక్‌లాండ్ ఒక్కరోజు ముందే దరఖాస్తు చేసినట్లు తేలింది. తరువాతి కాలంలో ఆ స్విన్‌బర్నే ఇంగ్లండులోని బేకలైట్ సంస్థకు అధ్యక్షుడు కావడం విశేషం.

1910లో బేక్‌లాండ్ జనరల్ బేకలైట్ కంపెనీని స్థాపించాడు. బేకలైట్ ఒంటిగా ఉంటే పెళుసుగా ఉంటుంది. అందువల్ల దానిలో చెక్కపొడి వంటివి కలిపి బలం చేకూర్చారు. ఆస్‌బెస్టాస్ నారను కూడా కలిపేవారు; దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుందని తరువాత తెలిసింది. విద్యుత్ స్విచ్చులు, మోటారు వాహనాల భాగాలు, రేడియో పెట్టెలు, టెలిఫోన్లు, కెమెరాలు బేకలైట్‌తో తయారయ్యాయి. కొయ్యతో రేడియో పెట్టె చేయాలంటే వడ్రంగి ఎన్నో పలకలు కోసి అతకాలి. బేకలైట్ పెట్టె ఒకే అచ్చులో నిమిషాలలో తయారయ్యేది. గుండ్రని మూలలు, వంపులు కూడా సులువుగా వచ్చేవి. 1934లో ఇంగ్లండులో గుండ్రని చక్రంవంటి రేడియో వెలువడింది. క్రొత్త పదార్థం వస్తువుల ధరనే కాక రూపురేఖలను కూడా మార్చివేసింది.

బేక్‌లాండ్ 1924లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. 1939లో తన సంస్థను యూనియన్ కార్బైడ్ సంస్థకు అప్పగించి విశ్రాంతి తీసుకొన్నాడు.  1944వ సంవత్సరం ఫిబ్రవరి 23వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్ పట్టణంలో మరణించాడు.

నేటికీ కుక్కరు పిడులలో బేకలైట్ జాతి ప్లాస్టిక్ కనిపిస్తుంది. అయితే కరగకపోవడమనే ఏ గుణంకోసం బేక్‌లాండ్ అంత శ్రమించాడో, ఆ గుణమే ఈనాడు ఒక సమస్య కూడా అయింది. విరిగిన బేకలైట్ వస్తువును కరిగించి మరొక వస్తువుగా పోతపోయలేం. పారవేస్తే అది త్వరగా మట్టిలో కలిసిపోదు. ఆనాడు చాలదనుకొన్న లక్కను, చెట్టుపై పుట్టి మట్టిలో కలిసిపోతుంది గనుక, ఈనాడు బొమ్మలకు మేలైనదిగా ఎంచుతున్నారు. ఒక పనిలో గుణమైనది మరొక పనిలో దోషం కావచ్చు. కనుక ఒక పదార్థం మంచిదా చెడ్డదా అని అడగడంకంటె, అది ఏ పనికి తగినది, ఎంతకాలం ఉంటుంది, పని తీరిన తరువాత ఏమవుతుంది అని అడగడం మేలు. నలుగురు పారవేసిన మడ్డిని పరిశీలించి, దాని ధర్మాన్ని గుర్తించి, దానికి తగిన పని చూపిన బేక్‌లాండ్ జీవితం మనకు ఈ పాఠాన్నే నేర్పుతుంది.

ప్రశ్నలు

1. బేక్‌లాండ్ చదువు విషయంలో తల్లిదండ్రుల అభిప్రాయాలు ఎట్లా ఉండేవి?
2. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిసిన పదార్థం పొంగకుండా బేక్‌లాండ్ ఏ ఉపాయం చేశాడు?
3. బెల్లపు పాకానికి, కాల్చిన కుండకు గల భేదాన్ని ప్లాస్టిక్కులకు అన్వయించి వ్రాయండి.
4. మీ ఇంట్లోని ఐదు వస్తువులను ఎన్నుకొని, ఒక్కొక్కటి ఏ పదార్థంతో చేశారో, ఆ పదార్థాన్నే ఎందుకు వాడారో వ్రాయండి.